ఒక్కరు నవ్వినా తీస్కపోత

1956 జూన్ 8, శుక్రవారం. మృగశిర కార్తె మొదలైన రోజు. మధ్యాహ్నం నేను తిన్నది రెండు జొన్నరొట్టెలు, చింతపులుసు పోసి వండిన చేపల కూర. మిరుగం నాడు చేప తినకపోతే వానకాలమంతా జబ్బులేనని మా వైపు నమ్మకం. నా భార్య సుమిత్రమ్మ పోయాక వచ్చిన మొదటి మిరుగం అది. పొయ్యి ముట్టించే ఓపిక లేక రొట్టెల్లోకి ఉప్పూ కారం కలుపుకుంటూ ఉంటే, పక్కింటి బుగ్గమ్మ సత్తుగిన్నె పట్టుకొని వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల. మా బడిలోనే రెండో తరగతి.

"మా అమ్మ ఇచ్చింది సారు. ముండ్లు తీసుకొని పైలంగ తినాల్నట. గిన్నె జల్ది ఇయ్యాల్నట, రాత్రికి పప్పు గా గిన్నెలనే వండుతది."

గిన్నె కోసం గడపలోనే కూర్చుంది. పైలంగా తినమని చెప్పే మనిషి ఇంకా ఒకరున్నారన్నమాట అనుకొని, ఆ పూట కడుపునిండా తిన్నాను. సోమవారం బడి తెరిచాను.

నేను పుట్టింది వికారాబాదులో, కాలేజీ చదువు హైదరాబాదులో, ఉద్యోగం తాండూరుకు రెండు కోసుల దూరంలోని ఆ ఊళ్లో. బడి అంటే ఒక పొడుగాటి గది, దాని ముందు వసారా. నేల, గోడలు, మెట్లు, కప్పు అన్నీ తాండూరు బండలే. పలక కొనలేని పిల్లలు నేల మీదనే సుద్దతో రాసి, తడిగుడ్డతో తుడిచేవారు. అన్ని తరగతులకూ నేనొక్కడినే.

ఆ సోమవారం పొద్దున కురుమ నాగవ్వ మనవరాలిని వెంటబెట్టుకొని వచ్చి మెట్ల దగ్గరే నిలబడింది. పిల్ల పేరు మొగులమ్మ. పాత చీరపేలిక ఒకటి ముక్కు మీది నుంచి గడ్డం కిందికి చుట్టి, మెడ వెనక ముడివేసి ఉంది. కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కళ్లు నన్ను చూడటం లేదు, నేల మీద ఎవరో రాసి తుడవని అక్షరాలను చూస్తున్నాయి.

పిల్లకు గ్రహణం మొర్రి అని ఊళ్లో విన్నాను గాని, ఎన్నడూ చూడలేదు. ఇల్లు, గొర్రెల మంద తప్ప ఆమెను బయటికి తెచ్చేవారు కాదు.

"ఎన్నేండ్లవ్వా పిల్లకు?" అని అడిగాను.

"రజాకార్ల గడబిడ అయినంక వచ్చిన జొన్న కోతలల్ల పుట్టింది."

"అంటే ఏడు నిండినయి. రెండేండ్ల కిందనే తేవాల్సింది గదా." పిల్ల వైపు తిరిగి, "ఇట్లా రా బిడ్డా," అన్నాను.

నాగవ్వ గబుక్కున మా ఇద్దరికీ మధ్యకు వచ్చింది.

"జర ఆగు పంతులూ. నోరు నేనే తెరిచి జూపిస్త. నువ్వు ఏలు వెట్టకు. కరుస్తదని కాదు, బుగులు వడ్తది."

"నోరెందుకు నాకు?"

"పండ్లు ఎంచవా మరి?"

నాకు అర్థం కాలేదు. ఆమె నన్ను చూసి, తెలియక అడుగుతున్నానో, ఆట పట్టిస్తున్నానో తేల్చుకోలేకపోయింది. తరువాత విడమర్చి చెప్పింది. గొర్రె ఈడు చెప్పాలంటే కింది పెదవి లాగి పండ్లు చూస్తారు. రెండు పండ్లదా, నాలుగు పండ్లదా, నోరు నిండిందా అని. అంగట్లో బేరమంతా దాని మీదే. నాకంటే ముందున్న పంతులు ఒకసారి వాళ్ల వాడకట్టు పిల్లవాణ్ణి చేర్చుకుంటూ, పాలపండ్లు ఊడాయా లేదా అని నోరు తెరిపించి చూశాడట. వాడకట్టులో ఎవరికీ అది వింతగా తోచలేదు. ఈడు తెలియాలంటే పండ్లు కాక ఇంకేం చూస్తారు? సర్కారు బడిలో కూడా పద్ధతి అదేనని ఖాయం చేసుకున్నారు. చీలిన పెదవి, దాని వెనక అంగిట్లో సందు. ఆ నోరు నలుగురిలో తెరిపించలేక రెండేళ్లు పిల్లను ఇంట్లోనే ఉంచారు.

నేను నవ్వలేదు. నవ్వు రాలేదు కూడా.

"మొగులమ్మా, నీ కుడిచెయ్యి నెత్తి మీది నుంచి తెచ్చి ఎడమచెవు పట్టుకో," అన్నాను.

ఆ పిల్ల నాగవ్వను చూసింది. నాగవ్వ నన్ను చూసింది. చెయ్యి మెల్లగా లేచి, నెత్తి మీదుగా వెళ్లి, చెవిని గట్టిగా పట్టుకుంది.

"అందింది. చేర్చుకున్న," అన్నాను.

"గింతేనా?"

"గింతే అవ్వా."

నాగవ్వ మెట్టు మీద కూర్చుండిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకొని, నాకు కాక ఎదురుగా ఉన్న వేపచెట్టుకు చెబుతున్నట్టు అంది: "గిరాణం నాడు కోడలు బయటికి పోయింది గందుకే పిల్లకు గిట్లయిందని ఊరంత దాన్ని అంటరు. అది పోలే. పొద్దుగాల్నే గడ్డి కోసుకరమ్మని నేనే పంపిన."

"గ్రహణంతోటి కాదవ్వా. దవాఖానల చదువుకున్నోళ్లు చెప్తరు, అది కడుపుల పిండం పెరిగేటప్పుడు అయితదని. కోడలు తప్పు కాదు, నీ తప్పు కాదు."

నమ్మిందో లేదో గాని, "గీ మాట మా కోడలుకు గూడ ఒకపారి చెప్పు పంతులూ," అంది.

ఇంతలో పిల్ల తండ్రి బీరప్ప గొంగడి భుజాన వేసుకొని, కర్ర పట్టుకొని వేగంగా వచ్చాడు. మంద దగ్గరికి ఎవరో కబురు మోశారు. తల్లిని దాటి తలుపు దాకా వచ్చాడు. బిడ్డను చూశాడు. బిడ్డ అప్పటికే గదిలోకి వెళ్లి, కిటికీ కింద ఖాళీ బండ చూసుకొని కూర్చుంది. చేతిలో సుద్దముక్క ఉంది. ఎవరిచ్చారో తెలియదు.

"ఉంటవా?" అన్నాడు బీరప్ప.

ఆ పిల్ల తల ఊపింది. ఊపుతూ సుద్దముక్కను గుప్పిట్లో దాచుకుంది, ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు.

బీరప్ప నా దగ్గరికి వచ్చాడు. "పంతులూ, నీకు దండం వెడ్త. కొట్టు, తిట్టు, ఏమన్నను. ఒక్కరు నవ్వినా తీస్కపోత. మందెంబడి తిప్పుకుంట. గొర్లు నవ్వయి."

సరేనన్నాను. పిల్లల సంగతి తెలిసీ ఒప్పుకున్నాను.

అప్పటి నుంచి మా బడి మారిపోయింది. పెద్ద పిల్లలను పక్కకు పిలిచి చెప్పాను, చిన్నవాళ్లను బెదిరించాను. ఎవరూ మొగులమ్మ వైపు చూడలేదు. అయితే బీరప్ప ఏది చూసి నవ్వుతున్నారని అడగడు గదా, నవ్వు వినపడితే చాలు. ఊరి చుట్టూ అంత మేత ఉంటే అతని మంద ఎప్పుడూ బడి వెనక గోడ దగ్గరే తేలేది. కిటికీలోంచి చూస్తే కర్ర మీద గడ్డం ఆనించి, చెవి ఇటు పెట్టి నిలబడి ఉండేవాడు. నేను కోతి పాఠం వదిలేశాను. బోర్డు మీద జంతువులు గీయటం మానేశాను, నా ఏనుగును చూసి పిల్లలు పడి పడి నవ్వుతారు. సాయంత్రం చెప్పే కథలూ పోయాయి.

నెల గడిచాక బుగ్గమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి, "సారూ, ఒక మాట అడగాల్నా?" అంది.

"అడుగు."

"మీకు పానం మంచిగ లేదా? ఈ యాడాది మస్తు కోపంగ ఉన్నరు. మా అమ్మ చేపల కూరల కారం ఎక్కువైందా?"

ఆ పిల్లకు నిజం చెప్పాను. బుగ్గమ్మ గదంతా ఒకసారి చూసి, "నలభై మంది నవ్వకుంట ఎట్లుంటరు సారూ," అని మాత్రం అంది.

మొగులమ్మ మాట్లాడేది కాదు. అందరూ కలిసి అక్షరాలు చదువుతుంటే పేలిక కింద పెదవులు కదిలేవి, అంతే. రాత మాత్రం గుండ్రంగా, నిదానంగా రాసేది. తన బండ నిండితే పక్క బండ మీదికి, అదీ నిండితే గోడవారగా గడప దాకా పోయేది. సాయంత్రం తుడవమంటే అన్నిటికంటే చివరి అక్షరం ఒకటి ఉంచేసి, ఇంకోసారి చూసుకొని, అప్పుడు తుడిచేది. బడి ఆ పిల్లకు ఎంత కావాలో నాకు అక్కడే తెలిసేది. నా భయమూ అక్కడే పెరిగేది.

మధ్యాహ్నం రొట్టె తినేటప్పుడు గోడ వైపు తిరిగి, పేలిక కొంచెం ఎత్తి, ముక్కలు లోపలికి పెట్టుకునేది. నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేవి, దగ్గు వచ్చేది. ఒకరోజు చూశాను, బుగ్గమ్మ వెళ్లి ఆమె వీపుకు తన వీపు ఆనించి కూర్చుంది.

"నేను గిటు జూస్త, నువ్వు గటు తిను. ఎవలన్న వస్తే దగ్గుత," అంది.

అప్పటి నుంచి రోజూ అలాగే. ఒకరి వీపుకు ఒకరు ఆనుకొని, ఎవరి రొట్టెలు వాళ్లు తినేవారు. ఒకరినొకరు చూసుకోకుండానే ఎల్లిపాయ కారం మార్చుకునేవారు.

ఆ మధ్య వికారాబాదు వెళ్లినప్పుడు ఆస్పత్రిలో డాక్టరమ్మను అడిగాను. పెదవి కుట్టవచ్చని, హైదరాబాదు తీసుకుపోవాలని చెప్పింది. బీరప్పకు చెబితే, "చేపిస్త పంతులూ, జర పెద్దగానియ్యి," అన్నాడు. తరువాత చేయించాడు కూడా. కాని ఈ కథ అంతకు ముందుది.

శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగోనాడు మధ్యాహ్నం అనంతగిరి దిక్కు నుంచి నల్లగా కమ్ముకొచ్చి, ఒక్కసారిగా కుండపోత మొదలైంది. కాగ్నా వాగు పొంగిందని, అటు పోయినవాళ్లు వెనక్కి వస్తున్నారని కేకలు వినిపించాయి. పిల్లలను తలుపుకు దూరంగా, గది వెనక భాగంలో కూర్చోబెట్టాను. ఇంతలో వసారాలో గిట్టల చప్పుడు.

బీరప్ప మంద. దొడ్డి దాకా పోయే వీలు లేక బడి వైపు మళ్లించాడు. వసారాలో పట్టినన్ని పట్టాయి, మిగిలినవి గదిలోకి తోసుకొచ్చాయి. తడిసిన ఉన్ని వాసన, అరుపులు. ఒక పిడుగు దగ్గరలోనే పడింది. దానితో గొర్రెలన్నీ బెదిరి, ఒకదాని మీదొకటి ఎక్కుతూ వెనక మూలకు దూకాయి. ఆ మూలలోనే ఒకటో తరగతి పిల్లలు ఉన్నారు. ఇద్దరు చిన్నవాళ్లు గోడకూ గొర్రెలకూ మధ్య ఇరుక్కుపోయి ఏడుపు మొదలుపెట్టారు. నేను తోస్తున్నాను, ఒక్కటీ కదలటం లేదు. బీరప్ప వసారాలోంచి కూత వేస్తున్నాడు గాని, కప్పు మీద వాన మోతలో అది లోపలికి రావటం లేదు.

మొగులమ్మ లేచింది. నోటికి కట్టిన పేలిక గొర్రెలు విదిలించిన నీళ్లకు తడిసి అంటుకుపోయింది. దాన్ని రెండు చేతులతో గడ్డం కిందికి లాగేసి, కూత వేసింది.

అలాంటి కూత నేను అంతకు ముందు వినలేదు. గొంతులోంచి లేచి, అంగిట్లో ఆగకుండా ముక్కులోంచి సాగింది. పొడుగ్గా, సన్నగా, చివర వణుకుతూ. వాన మోత కింద నుంచి దూరిపోయినట్టు వెళ్లింది. మూలలో ఉన్న గొర్రెలు తలలెత్తాయి. ఆమె తలుపు వైపు వెనక్కి నడుస్తూ మళ్లీ వేసింది. ముందు ఒక ముసలి గొర్రె కదిలింది, దాని వెంట మిగిలినవన్నీ. మూల ఖాళీ అయింది. చిన్నవాళ్లను ఎత్తుకున్నాను. దెబ్బలేమీ తగలలేదు.

అప్పుడు చూస్తే బడి అంతా మొగులమ్మ ముఖం చూస్తోంది. ఆమె గొర్రెల మధ్య నిలబడి ఉంది. పెదవి ముక్కు దాకా చీలి, లోపలి పన్ను ఒకటి పక్కకు తిరిగి ఉంది. పేలిక మెడలో ఉన్న సంగతి ఆమెకు ఇంకా గుర్తు రాలేదు.

ఎవరో కిసుక్కున నవ్వారు. తరువాత గట్టిగానే నవ్వారు.

నవ్వింది ఎంకయ్య, మూడో తరగతి. తలుపులో బీరప్ప నిలబడి ఉన్నాడు. గొంగడిలోంచి నీళ్లు కారుతున్నాయి. అతను విన్నాడు.

"బిడ్డా, నడువు," అన్నాడు.

ఆపుదామంటే, ఒప్పుకున్నది నేనే గదా. బీరప్ప గొంతులో కోపం కూడా లేదు, ఎప్పటికైనా ఇది జరుగుతుందని ముందే తెలిసినవాడిలా చెయ్యి చాపాడు.

"నేను రాను," అంది మొగులమ్మ.

ముక్కుతో కలిసిపోయిన మాట. అయినా అందరికీ తెలిసింది. బడిలో ఆమె మొదటి మాట అదే.

"నవ్విండ్లు గద బిడ్డా."

"నవ్వితే నవ్విండ్లు. నేను రాను. నాకింక గుణింతం రాలె."

బుగ్గమ్మ గొర్రెలను దాటుకుంటూ ముందుకు వచ్చింది. "మామా, గీ ఎంకయ్య నేను బురదల జారి వడ్తె గూడ నవ్విండు. సారు ఏనుగును గీస్తె గూడ నవ్విండు. వాళ్ల తాత పండ్లు లేకుంట బుక్కుతుంటె గూడ నవ్వుతడు. వాని నోరే గంత."

"నువ్వు ఊకో," అన్నాడు ఎంకయ్య. బీరప్ప అతని వైపు తిరిగాడు. అంత పెద్ద మనిషి, చేతిలో కర్ర. ఎంకయ్య గోడకు అంటుకుపోయాడు.

"ఎందుకు నవ్వినవ్ రా?"

ఎంకయ్య నన్ను చూశాడు. నేను సాయం చేయలేదు. "ముందుగాల మూతి జూసి నవ్విన," అన్నాడు మెల్లగా. "ఎనుక నిన్ను జూసి నవ్విన మామా. నువ్వు గంత మొత్తుకుంటె ఒక్క గొర్రె ఇనలే. గామె పిలువంగనే అన్ని ఉరికినయి."

గదిలో ఎక్కడో ఇంకెవరో నవ్వు బిగబట్టుకున్న చప్పుడయింది. మొగులమ్మ ఎంకయ్య దగ్గరికి వెళ్లింది. ముఖం కప్పుకోలేదు.

"ఇంకోపారి నవ్వుతవా?"

ఎంకయ్య నిజంగానే ఆలోచించాడు. "ఏమో. తెల్వదు," అన్నాడు.

"నవ్వితె మా కొమ్ముల పొట్టేలును నీ మీదికి తోల్త. అది గూడ నా మాట ఇంటది."

ఆ పొట్టేలు సరిగ్గా అప్పుడే నా కుర్చీ ఎక్కి నిలబడి, బల్ల మీది సుద్దపెట్టెలో మూతి పెట్టింది. తల ఎత్తేసరికి ముక్కంతా తెల్లగా ఉంది. అది ఒకసారి తుమ్మింది. రెండు నెలలుగా ఆగిన నవ్వంతా ఒక్కసారి బయటికి వచ్చింది. బుగ్గమ్మ నేల మీద కూలబడి నవ్వింది. నేనూ నవ్వాను. సుమిత్రమ్మ పోయాక నేను అలా నవ్వటం అదే మొదలు.

మొగులమ్మ కూడా నవ్వింది. పెదవి రెండు పక్కలకూ విడిపోయి, నోరంతా తెరుచుకుంది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

బీరప్ప చాపిన చెయ్యి అలాగే ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు చూసుకొని, తలపాగా విప్పి పిండుకున్నాడు. తరువాత నా పక్కకు వచ్చాడు.

"పంతులూ, నవ్వినోళ్లల్ల నా బిడ్డ గూడ ఉన్నది. ఇగ నేను ఎవల మీదికి పోవాలె?"

"ఎవరి మీదికీ పోకు బీరప్పా. ముందుగాల నీ పొట్టేలును నా కుర్చీ మీది నుంచి దించు."

దించాడు. దించి, గొంగడి అంచుతో కుర్చీ తుడిచాడు. "రేపు పిల్లను నేనే తోల్కొస్త," అన్నాడు.

పొద్దు వాలుతుంటే వాన కొంచెం తగ్గింది. తల్లులు గోనెసంచులు కప్పుకొని వచ్చి పిల్లలను తీసుకుపోయారు. నాగవ్వ వచ్చి మనవరాలి ముఖం చూసి, తడిసిన తలను కొంగుతో తుడిచింది. మెట్లు దిగి ఊరి దారి పట్టే ముందు మొగులమ్మ పేలికను పిండి మళ్లీ ముక్కు మీదికి కట్టుకుంది. ఊరు వేరు, బడి వేరు. ఆ రోజుకు బడి చాలు అనుకున్నాను. బుగ్గమ్మ ఆ పిల్లకు ఆనుకొని, ఈసారి పక్కపక్కనే, ఒకే గోనెసంచి కింద నడిచింది.

వాగు ఇంకా తగ్గలేదు. మందను ఆ రాత్రి బడిలోనే ఉంచమన్నాను. ఇంట్లో ఉన్న రొట్టెలు, కొంత పచ్చిపులుసు తెచ్చి ఇస్తే బీరప్ప వసారాలో గోడవారగా కూర్చొని తిన్నాడు. మొన్న మొన్న పుట్టిన గొర్రెపిల్లలు రెండు తడికి వణుకుతున్నాయి. వాటిని ఎత్తుకుపోయి, గదిలో కిటికీ కింద గాలి తగలని చోట పడుకోబెట్టి, పొడి గడ్డి కప్పాడు.

"ఇగ నువ్వు పో పంతులూ. నేనుంట," అన్నాడు.

నేను మెట్లు దిగి వెనక్కి చూశాను. అతను ఒక గొర్రె తలను మోకాలితో మెల్లగా లోపలికి జరిపి, పడుకున్నవి లేవకుండా, తలుపును కొంచెం పైకెత్తి పట్టి, చప్పుడు కాకుండా మూశాడు.